నోట్స్‌లో కమాండ్ ఒక్కటే ఉంటే చాలదు

డెవలపర్ల దగ్గర నోట్స్‌కు కొదవ లేదు. గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) కమాండ్లు ఒక ఫైల్లో, డాకర్‌వి ఇంకోచోట, మిగిలినవి ఎవరో చాట్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్లలో ఉంటాయి. తీరా అర్ధరాత్రి ప్రొడక్షన్ (వాడుకదారులకు నడుస్తున్న అసలు సిస్టమ్) పడిపోయినప్పుడు వాటిలో అక్కరకొచ్చేవి చాలా తక్కువ. కమాండ్ మాత్రం రాసుకుని, అది ఎక్కడ పనిచేయదో రాసుకోకపోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రతి నెలా మొదటి సోమవారం ఉదయం 9 గంటలకు ఒక రిపోర్ట్ వెళ్లాలి. నిర్ణీత సమయానికి పనులు నడిపే టూల్ క్రాన్. దాని షెడ్యూల్ ఫైల్ క్రాన్‌ట్యాబ్‌లో చాలామంది 0 9 1-7 * 1 అని రాసేస్తారు. ఈ ఐదు గడులు వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం. * అంటే ఏదైనా సరే. మొదటి ఏడు రోజుల్లో వచ్చే సోమవారం అన్నట్టే కనిపిస్తుంది కదా! కానీ తేదీ, వారం రెండూ ఇస్తే, వాటిలో ఏ ఒక్కటి కుదిరినా క్రాన్ జాబ్‌ను నడిపేస్తుంది. అంటే 1 నుంచి 7వ తేదీ దాకా రోజూ, ఆ తర్వాత ప్రతి సోమవారమూ రిపోర్ట్ వెళ్తూనే ఉంటుంది. సరైన దారి ఏమిటంటే 0 9 1-7 * * అని రాసి, ఇవాళ సోమవారమేనా అన్న చెకింగ్‌ను కమాండ్‌లోనే పెట్టడం. అక్కడా ఒక చిక్కుంది. డేట్ కమాండ్‌ను వారం అడగాలంటే % గుర్తు కావాలి. క్రాన్‌ట్యాబ్‌లో % అంటే కొత్త లైన్ అని అర్థం. దాని ముందు \ పెట్టకపోతే, టెర్మినల్‌లో చక్కగా నడిచిన లైనే క్రాన్‌లో ఫెయిలవుతుంది. పైగా లినక్స్‌లో ఇదే పని చేసే సిస్టమ్‌డీ టైమర్లలో లెక్క వేరు, అక్కడ వారం, తేదీ రెండూ కుదిరితేనే పని మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే క్రాన్ చీట్‌షీట్లలో ఐదు గడుల పేర్లు ఉంటాయి గానీ, ఈ సంగతులు అరుదుగా కనిపిస్తాయి.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతేమీ కాదు. 1971 నవంబరులో వచ్చిన యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే, కమాండ్ వివరాలతోపాటు దాని లోపాలు చెప్పడానికి 'బగ్స్' అనే విభాగం ఉంది. రాసినవాళ్లే తమ టూల్ ఎక్కడ దెబ్బతింటుందో ఒప్పుకుని అచ్చు వేశారు. మన నోట్స్‌లో ఎక్కువగా కనిపించనిది ఆ విభాగమే.

గిట్ రీఫ్లాగ్ (బ్రాంచ్ ఎప్పుడు ఏ కమిట్ మీద, అంటే ఏ సేవ్ చేసిన మార్పు మీద ఉందో రాసిపెట్టే లాగ్) విషయమూ అంతే. 'పోయిన కమిట్‌లు 90 రోజుల వరకు దొరుకుతాయి' అని రాసుకుని ధీమాగా ఉంటాం. నిజానికి డిఫాల్ట్‌గా 90 రోజులు ఉండేవి ఇప్పటి బ్రాంచ్ చరిత్రలో ఉన్న కమిట్‌ల ఎంట్రీలు. హార్డ్ రీసెట్‌తో (బ్రాంచ్‌ను, ఫైళ్లను బలవంతంగా పాత కమిట్‌కు తీసుకెళ్లే కమాండ్‌తో) చరిత్రలోంచి జారిపోయినవాటికి గడువు 30 రోజులే. మనం వెతికేది సరిగ్గా వాటినే. ఇక స్టేజ్ కూడా చేయని (కమిట్‌కు సిద్ధం చేయని) మార్పులు హార్డ్ రీసెట్‌లో పోతే రీఫ్లాగ్ ఏమీ చేయలేదు.

2017 జనవరి 31న కోడ్ హోస్టింగ్ సంస్థ గిట్‌ల్యాబ్‌లో జరిగింది అందరూ చదవాల్సిన సంఘటన. ఒక ఇంజనీర్ సెకండరీ (నకలు) డేటాబేస్ డైరెక్టరీని ఖాళీ చేయబోయి, ప్రైమరీ (అసలు) డేటాబేస్ మీద ఆ కమాండ్ కొట్టారు. ఆపేసరికి 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అదీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6లో నడుస్తుంటే బ్యాకప్ టూల్ మాత్రం 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతిసారీ ఫెయిలవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా చేరలేదు. చివరకు దాదాపు 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) ఆదుకుంది. గిట్‌ల్యాబ్ ఇదంతా దాచకుండా బయటపెట్టింది, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. ఇక్కడ కమాండ్ తెలియక వచ్చిన ఇబ్బంది లేదు. ఏ సర్వర్, ఏ వెర్షన్, రన్ అయ్యాక ఏం కనిపించాలి అన్నవే కొంప ముంచాయి.

ఇప్పుడు ఏఐని అడిగితే క్షణాల్లో కమాండ్ ఇస్తుంది, ఇంకా నోట్స్ ఎందుకని కొందరు అంటున్నారు. సింటాక్స్ వరకు ఆ మాట నిజమే, వాటిని రాసుకోవడం నేనైతే మానేయమంటాను. కానీ మీ సర్వర్లో ఏ వెర్షన్ ఉందో, పోయినసారి ఆ మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణంలో మార్పు) ఏ టేబుల్‌ను లాక్ చేసి సైట్‌ను ఆపేసిందో మీరు చెబితే తప్ప దానికి తెలియదు. మీరు చెప్పాలన్నా ముందు ఎక్కడో రాసి ఉండాలి.

రాసేటప్పుడు ఎర్రర్ మెసేజ్‌ను సొంత మాటల్లోకి మార్చకుండా ఉన్నదున్నట్టు పేస్ట్ చేయండి. రేపు వెతికేది ఆ అక్షరాలతోనే. తేదీ, వెర్షన్, వెనక్కి తీసుకునే మార్గం తప్పక చేర్చండి. వెనక్కి తీసుకోలేనిదైతే ఆ మాటే మొదటి లైన్లో పెట్టండి. పాస్‌వర్డులు, కీలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నోట్ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. క్రాన్‌ట్యాబ్ గురించి రాసింది వికీలో ఉంటే ఎవరూ చూడరు. ఆ 0 9 1-7 * * లైన్‌కు సరిగ్గా పైన, కామెంట్‌గా ఉంటే దాన్ని మార్చడానికి వచ్చినవాళ్లు చదివి తీరతారు.