టికెట్ ధర తగ్గించినంత మాత్రాన నష్టం తీరదు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్యబృందాలైన సింఫనీ ఆర్కెస్ట్రాలు టికెట్ ధరను సగానికి తగ్గిస్తే హాళ్లు నిండి నష్టాలు తీరిపోతాయని ఒక వ్యాసకర్త రాశారు. ఖాళీ కుర్చీల గురించి వారి ఆవేదన న్యాయమైనదే కానీ, ఆ లెక్క కుదరదు. 1824లో మొదటిసారి వినిపించిన జర్మన్ స్వరకర్త బేతోవెన్ తొమ్మిదవ సింఫనీకి నేటికీ గంటకు పైగానే పడుతుంది, వాయించేవారిని తగ్గించుకునే వీలూ లేదు. ఇతర రంగాల్లో యంత్రాల వల్ల ఉత్పాదకతతో పాటు జీతాలు పెరుగుతుంటే, ఇక్కడ ఉత్పాదకత పెరగకుండానే జీతాలు పెంచాల్సి వస్తుందని బౌమోల్, బోవెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు 1966లోనే వివరించారు. అమెరికాలో పేరుమోసిన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా అంతటిది కూడా 2011లో అప్పులవాళ్ల నుంచి కాపాడమని కోర్టులో దివాలా రక్షణ కోరింది.

మా కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటకాలదీ ఇదే కష్టం: యాభై మంది వచ్చినా, ఐదు వందల మంది వచ్చినా, తెరలు లాగేవారు, హార్మోనియం వాయించేవారు, వేషధారులు అందరూ ఉండి తీరాలి. ఖర్చు ముందే ఖాయమైపోతుంది కాబట్టి, అదనంగా వచ్చే ప్రేక్షకుడి వల్ల నిర్వాహకులపై పడే భారం దాదాపు ఏమీ ఉండదు. కనుక ముందు వరుసలకు తగిన ధర ఉంచి, బాల్కనీ చివరి వరుసలను విద్యార్థులకు నామమాత్రపు ధరకు ఇవ్వడం మేలు. అందరికీ ఒకేలా తగ్గిస్తే, ఇవ్వగలిగినవారి డబ్బు కూడా వదులుకున్నట్టే. అలాగని ఆఖరి గంటలో అందరికీ ధర దించడం అలవాటైతే, ఏడాది మొత్తానికి ముందే టికెట్లు కొనే నమ్మకమైన శ్రోతలు వచ్చే ఏడు వెనకాడతారు.