టాక్సు లేని నేలకు మా వలస

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పదకొండేళ్లు డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసి నడుం పట్టేశాక, టెక్సస్‌కి తరలిపోవడం ఒక చారిత్రక అవసరమని 2020లో నిర్ణయించాను. న్యూజెర్సీలో ఫెడరల్ టాక్సు పోగా జీతంలో రాష్ట్రానికి వేరే వాటా. టెక్సస్‌లో ఆ వాటా సున్నా. పైగా 2019లో ఓట్లేసి మరీ ఇన్‌కమ్ టాక్సు వద్దని రాజ్యాంగంలో రాసుకున్నారు. అంతటి పుణ్యాత్ముల మధ్య ఇల్లు కొనకపోవడం పాపమని డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కొన్నాం.

అక్టోబరులో ఇంటిపన్ను బిల్లొచ్చింది. సిటీకింత, కౌంటీకింత, స్కూళ్లకింత, కాలేజీకింత. మా చిన్నవాడికి ఇంకా షూ లేసు కట్టుకోవడం రాదు, కాలేజీకి మాత్రం అప్పుడే కట్టేస్తున్నాం. ముందుచూపంటే ఇదీ.

ఇక మే 15 మాకు పెద్ద పండగ. ఇంటి విలువ ఎక్కువ కట్టారని ప్రొటెస్టు చేయడానికి గడువు ఆ రోజే. గోడ పగుళ్లకు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటోలు తీస్తాం. "అయ్యా, ఇదొక కొంప, దీనికంత ధర ఎక్కడిది?" అని విలువ కట్టే ఆఫీసువాళ్ల ముందు దీనంగా వాపోతాం. అదే శనివారం ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో గుత్తివంకాయ వడ్డించుకుంటూ, "మా ఇల్లు కొన్నప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో తెలుసా అండీ!" అంటాను. మా ఆవిడ కాలు తొక్కుతుంది. ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లూ తెలుగువాళ్లయితే ఎలాగని ఆవిడ టెన్షన్.

వాతావరణం గురించి చెప్పేదేముంది, వెచ్చగా ఉంటుంది. 2011లో డాలస్‌లో వరసగా 40 రోజులు ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరిందట. న్యూజెర్సీలో కారులో కూర్చుంటే బంకువాడే వచ్చి పెట్రోలు కొట్టేవాడు, అక్కడ చట్టమే అది. ఇక్కడ మిట్టమధ్యాహ్నం మనమే దిగి కొట్టుకోవాలి. పెనం మీంచి పొయ్యిలో పడ్డారని కొందరు ఎద్దేవా చేస్తారు. పచ్చి అబద్ధం. మేం పడింది ఫ్రిజ్‌లోంచి.

మంచు వద్దని వచ్చామా, 2021 ఫిబ్రవరిలో అదే అడ్రసు వెతుక్కుంటూ వచ్చింది. కరెంటు పోయింది. మంచు ఎత్తే పార మాత్రం ఎడిసన్‌లో మా బావమరిదికి ఇచ్చేసి వచ్చాం.

ఆ బావమరిది మొన్న ఫోన్ చేసి, "బావా, మేమూ వచ్చేద్దామా?" అన్నాడు. తప్పకుండా రమ్మన్నాను. ఊరు చూడ్డానికైతే నవంబరులో రమ్మన్నాను. వచ్చేటప్పుడు ఆ పార తెమ్మన్నాను.