సవరణ: ముందు హేలో, తర్వాతే గెలాక్సీ

గెలాక్సీలు పుట్టాక వాటి చుట్టూ కృష్ణ పదార్థం (కంటికి కనిపించని, గురుత్వాకర్షణ వల్లే తెలిసే పదార్థం) చేరి హేలో, అంటే గెలాక్సీని చుట్టి ఉండే దాని పెద్ద ముద్ద, ఏర్పడిందని నిన్నటి పోస్టులో ఉంది. ఆ వరుసను తిరగేసి చదువుకోండి.

బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3,80,000 ఏళ్ల దాకా మామూలు పదార్థం కాంతితో ముడిపడి ఉంది. దగ్గరకు చేరబోతే కాంతి పీడనం చెదరగొట్టేది. కృష్ణ పదార్థానికి కాంతితో పనే లేదు, కాబట్టి అప్పటికే గుమిగూడటం మొదలుపెట్టింది. ఆ గుంపుల గురుత్వాకర్షణ గుంటల్లోకే తర్వాత వాయువు జారి, చల్లబడి, నక్షత్రాలైంది. ఈ ముందంజ లేకుంటే, లక్షలో ఒక వంతు పాటి తొలి సాంద్రత హెచ్చుతగ్గులు ఇన్ని గెలాక్సీలుగా ఎదగడానికి 1,380 కోట్ల ఏళ్లు కూడా చాలవు!

చిన్న హేలోలు కలిసే పెద్దవి అయ్యాయి. మన పాలపుంత ఇప్పటికీ ధనుస్సు రాశి వైపున్న ఓ మరుగుజ్జు గెలాక్సీని మింగుతూనే ఉంది.

ఆండ్రోమెడా గెలాక్సీ మీద ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్‌ల 1970 నాటి కొలతల గురించి నిన్నటి పోస్టులో ఉన్న భాగంలో మార్పేమీ లేదు.