నేలమీది టెలిస్కోప్ చేయగల పని జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌కు చేతకాదు

నక్షత్రానికి అతి దగ్గరగా తిరిగే వాయుగ్రహాల మీద 2010లో రెండు ఫలితాలు వచ్చాయి. రెండూ నేలమీది నుంచి పరారుణ కాంతిలో చూసినవే. హెచ్‌డీ 189733బి అనే గ్రహపు వాతావరణంలో మీథేన్ వింతగా వెలుగుతోందని హవాయిలోని 3 మీటర్ల టెలిస్కోప్‌తో చూసినవాళ్లు ప్రకటించారు. తర్వాత అక్కడి పెద్ద కెక్ టెలిస్కోప్‌తో వెతికిన బృందానికి ఆ వెలుగు కనిపించలేదు. మన వాతావరణపు జాడనే గ్రహానిదిగా భ్రమపడి ఉంటారని వాళ్లు అభిప్రాయపడ్డారు. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్‌కున్న క్రైరెస్ పరికరం హెచ్‌డీ 209458బిలో పట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్ మాత్రం నిలబడింది.

తేడా అంతా విభేదనశక్తిలో, అంటే దగ్గరదగ్గర రంగులను విడదీసి చూపే సామర్థ్యంలో ఉంది. తక్కువ విభేదనలో వర్ణరేఖలన్నీ (కాంతిలో ఒక్కో అణువు వదిలే గుర్తులు) కలిసి ఒక ముద్ద అవుతాయి. అందులో మన గాలిలోని నీటి ఆవిరి ఎంతో, మీథేన్ ఎంతో, గ్రహానిది ఎంతో విడదీయడం దాదాపు అసాధ్యం. క్రైరెస్ విభేదన సుమారు 1,00,000. అక్కడ ఒక్కో రేఖ విడివిడిగా కనిపిస్తుంది, కదలిక కూడా తెలుస్తుంది. హెచ్‌డీ 209458బి సెకనుకు దాదాపు 140 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. నక్షత్రం ముందు నుంచి దాటే మూడు గంటల్లోనే మనవైపు దాని వేగం సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు మారిపోతుంది, రేఖలూ దాంతోపాటే జరుగుతాయి. మన గాలి రేఖలు మాత్రం కూర్చున్న జనంలా ఉన్నచోటే ఉంటాయి. కదలనిదాన్నంతా తుడిచేసి, మిగిలిన ఎన్నో బలహీన రేఖలను కలిపి చూస్తే గ్రహం బయటపడుతుంది. దగ్గరగా తిరగడమే ఇక్కడ మనకు కలిసొచ్చిన అదృష్టం. భూమిలా ఏడాదికోసారి చుట్టే గ్రహం అయితే ఒక్క రాత్రిలో దాని రేఖలు జరిగేది అత్యల్పం.

నక్షత్రం ముందుకు రాని గ్రహాన్నీ ఈ పద్ధతి వదల్లేదు. టౌ బూటిస్ బి కక్ష్య వాలు, అసలు ద్రవ్యరాశి 2012లో ఇలాగే తేలాయి.

జేమ్స్ వెబ్ వచ్చాక నేలమీది పరిశీలన పాతబడిందనే మాట నాకు అంగీకారం కాదు. వెబ్‌లోని నియర్‌స్పెక్ పరికరపు గరిష్ఠ విభేదన 2,700 దరిదాపుల్లోనే ఉంటుంది. వాస్ప్-127బి గ్రహపు మధ్యరేఖ మీద గంటకు 33,000 కిలోమీటర్ల వేగంతో వీచే గాలిని చూపింది ఆధునికీకరించిన క్రైరెస్. అంత సన్నని తేడా వెబ్‌కు అందదు.

అయితే ఈ తుడిచే పనిలోనే ప్రమాదమూ ఉంది. మన గాలితోపాటు గ్రహపు సంకేతమూ కొంత కొట్టుకుపోతుంది, కాంతి అసలు స్థాయి పూర్తిగా పోతుంది. ఎన్నిసార్లు తుడవాలన్నది పరిశోధకుడి నిర్ణయం కాబట్టి, కావలసిన అణువు కనిపించేదాకా తుడిచే ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. కొత్త అణువు దొరికిందన్న ప్రతి ప్రకటనతోనూ ముడి డేటా, దాన్ని శుద్ధిచేయడానికి వాడిన ప్రోగ్రామ్ బయటపెట్టడం తప్పనిసరి చేయాలి. వెబ్ చూసే గ్రహాలకు నేలమీది పెద్ద టెలిస్కోపుల్లోనూ రాత్రులు కేటాయించాలి. వాస్ప్-77ఏ బి విషయంలో జెమినై సౌత్ టెలిస్కోప్ 2021లో చెప్పిందీ, తర్వాత వెబ్ చెప్పిందీ ఒకటే: అక్కడ బరువైన మూలకాలు సూర్యుడిలో కన్నా తక్కువ. రెండు వేర్వేరు దారుల్లో వచ్చింది గనకే ఆ కొలతను నమ్మగలుగుతున్నాం.