సారు వస్తుండంట, కొత్త బెడ్‌షీట్లు తియ్యుండ్రి

సర్కారుకు ఒక మనవి. దవాఖానలకు బడ్జెట్ పెంచుడు, ఖాళీ పోస్టులు నింపుడు, మందులు టైంకు కొనుడు, ఇవన్నీ పైసలతోని పని, ఇడిసిపెట్టుండ్రి. రూపాయి ఖర్చు లేకుండ సర్కారు దవాఖాన మంచిగైతది, నేను కండ్లార చూసిన. రోజుకొక ఆకస్మిక తనిఖీ పెట్టుండ్రి, చాలు.

నవ్వకుండ్రి, సీరియస్‌గనే చెప్తున్న. మా చిన్నమ్మకు పిత్తాశయంల రాళ్లని సిటీల ఒక పెద్ద సర్కారు దవాఖానల షరీక్ చేసినం (పేరు చెప్ప, పాపం వాళ్లు ఇంకో తనిఖీ తట్టుకోలేరు). ఒకనాడు సాయంత్రం సిస్టర్ వచ్చి "రేపు పదింటికి సారు సర్‌ప్రైజ్ విజిట్‌కు వస్తుండు, బెడ్ల కింద సంచులు తియ్యుండ్రి, టిఫిన్ డబ్బాలు కనబడొద్దు" అని చెప్పి పోయింది. టైం కూడ చెప్పింది. నవ్వుతదేమో అని చూసిన, నవ్వలే.

ఇగ అప్పటిసంది వార్డు పెండ్లిచూపుల ఇల్లు లెక్క అయింది. మేం వచ్చినప్పటిసంది తిరగని ఫ్యాన్ తిరిగింది. పొద్దుగాల ఆరింటికే స్టోర్ల నుంచి కొత్త బెడ్‌షీట్లు దిగినయ్, మడతలు కూడ పోలే, ఇస్త్రీ గీతలు అట్లనే ఉన్నయ్, వాటి మీద పండుకోవాలంటే పేషెంట్లకే భయమైంది. వరండా పొంటి బ్లీచింగ్ పౌడర్ ముగ్గేసినట్టు చల్లిండ్రు. అటెండెంట్లను అందర్నీ గేటు బయటికి తోలిండ్రు, ఇంటికొక్కరమే ఉండాల్నంట. ఇరవై మందికి ఒక్క వీల్‌చైర్ దొరకని దవాఖానల, లిఫ్ట్ కాడ వరుసగ వీల్‌చైర్లు వచ్చి నిలబడ్డయ్, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్ కూడ చింపలే. లిఫ్ట్ కూడ నడిచింది మరి.

అన్నిటికంటె నాకు నచ్చింది బాత్రూం. ఫినాయిల్ పోసి తళతళ కడిగి, తాళం ఏసిండ్రు. ఎందుకమ్మా అంటే ఆయమ్మ నన్ను ఎర్రోన్ని చూసినట్టు చూసింది. "సారు చూసిపోయేదాంక ఎవ్వలు పోవద్దు, ఖరాబ్ చేస్తరు." పది అన్నోళ్లు పన్నెండున్నరకు వచ్చిండ్రు. షుగర్ పేషెంట్లు, గొట్టాలు పెట్టుకున్నోళ్లు, అప్పుడే కుట్లేసినోళ్లు, అందరు ఒకరి మొకం ఒకరు చూసుకుంట ఆరోగ్య వ్యవస్థ కోసం ఓర్చుకున్నరు.

సారు వచ్చిండు. ముందు కెమెరాలు, తర్వాత సారు, ఎనక సూపరింటెండెంట్, ఆర్ఎంఓ, హెచ్ఓడీలు, ఫైళ్లు పట్టుకున్నోళ్లు, ఫైళ్లు లేకుండ ఎందుకొచ్చిండ్రో తెల్వనోళ్లు. మా పక్క బెడ్ల వనపర్తి దిక్కుకెళ్లి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. ఆమె తానికి పోయి చెయ్యి పట్టుకుని "పెద్దమ్మా, అన్నం మంచిగ పెడ్తున్నరా?" అనడిగిండు. పెద్దమ్మ "మంచిగ పెడ్తున్నరు బిడ్డా" అన్నది. సారు కెమెరా దిక్కు చూసి తలకాయ ఊపిండు. పెద్దమ్మకు ఆనాడు ఆపరేషన్. కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతోని నోటికి ఏమియ్యొద్దని రాసుంది. రాత్రికెళ్లి ఆమె నోట్లె మంచినీళ్ల చుక్క పడలే.

ఆపరేషన్ కూడ కాలే. డాక్టర్లంత సారు ఎనక ఉంటే థియేటర్ల ఎవరుంటరు? మూడింటికి వచ్చి ఇయ్యాల కాదు, వాయిదా అన్నరు, తెల్లారి మళ్ల తినకుండ ఉండమన్నరు. డెబ్బై ఏండ్ల ముసలామెను రెండోరోజు పస్తులుంచిండ్రు, ఎందుకు? ఆమెకు అన్నం పెడ్తున్నరా అని అడిగేటందుకు! ఎవర్ని అడగాలె దీనికి? ఏ ఫైల్ల రాస్తరు దీన్ని? నాలుగింటికి బెడ్‌షీట్లు లెక్కపెట్టుకుని తీస్కపోయిండ్రు. మర్నాడు పేపర్ల "వైద్య సేవలపై రోగుల సంతృప్తి" అని వచ్చింది.

గిది విని సర్కారు దవాఖానలే దండగ అనేటోళ్లుంటరు గద, వాళ్లతోని నాకు ఇంకో పంచాది. ఆపరేషన్‌కు మత్తుమందుగ క్లోరోఫాం ఇస్తే గుండె ఆగుతదా లేదా అని ప్రపంచమంత కొట్లాడుకుంటుంటే, 1888ల, 1889ల నిజాం పైసలతోని కమిషన్లు ఏసి పరీక్షలు చేసింది ఇదే హైదరాబాద్‌ల, అఫ్జల్‌గంజ్ సర్కారు దవాఖాన డాక్టర్లు. (వాళ్లు చెప్పింది తర్వాత తప్పని తేలింది, అది వేరే ముచ్చట, పనైతే చేసిండ్రు, ఎవరి ఎనక తిరగలే.) 2020ల కరోనా వచ్చినప్పుడు అందర్నీ సర్కారు గాంధీ దవాఖానకే పంపిండ్రు. కార్పొరేట్ల పది రోజులు ఐసీయూల పెట్టి, పొలం అమ్మిన పైసలైపోయినంక "ఇంక గాంధీకి తీస్కపోండి" అని అంబులెన్స్ ఎక్కిస్తరు, ఆ మనిషి తెల్లారి పోతే "గాంధీకి పోతే సచ్చిపోయిండు" అంటం. సిగ్గుండాలె మనకు. గా పీజీ చదివే డాక్టర్ పిల్లలు పొద్దున డ్యూటీ ఎక్కితే మర్నాడు రాత్రి దిగుతరు, నిలబడే నిద్రపోతరు, మా చిన్నమ్మ ఇయ్యాల తిరుగుతుందంటే వాళ్ల పుణ్యం.

ఆరోగ్యశ్రీ పది లక్షలు చేసినమని చెప్పుకుంటున్నరు, 2023 డిసెంబర్ల చేసిండ్రు, మంచిదే. 2025ల బకాయిలు ఇస్తలేరని ప్రైవేట్ దవాఖానలు అదే ఆరోగ్యశ్రీ బంద్ పెట్టినయ్. అంకె పెద్దది చేసుడు తనిఖీ లెక్కనే, ఫొటోకు మంచిగుంటది.

ఇగ ఉస్మానియా దవాఖాన. 2015ల అప్పటి ముఖ్యమంత్రి పోయి చూసి టవర్లు కడ్తమన్నడు. 2020 జులైల వానకు వార్డులల్ల నీళ్లొచ్చినయ్, పేషెంట్ల బెడ్ల కింద మూసీ పారినట్టు పారింది, పాత బిల్డింగ్ ఖాళీ చేయించిండ్రు. 2025 జనవరి 31న గోషామహల్‌ల కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన. మధ్యల ఎంతమంది సార్లు, ఎన్ని కార్లల్ల వచ్చి చూసి పోయిండ్రో. చూసుడుకే రోగం నయమైతే ఉస్మానియా ఈపాటికి ఒలింపిక్స్‌ల ఉర్కుతుండె.

సారూ, తనిఖీ చెయ్యాలని నిజంగ ఉంటే ఒక్కసారి రాత్రి రెండింటికి రాండ్రి. కార్లు వద్దు, పీఏ వద్దు, పేరు చెప్పొద్దు. కడుపు పట్టుకుని క్యాజువాలిటీ కాడ దిగుండ్రి. మందులు బయటికి రాసిస్తరు, చీటీ పట్టుకుని రోడ్డు దాటి మెడికల్ షాపుకు మీరే పోవాలె. స్ట్రెచర్ తోసేటందుకు జేబుల వంద నోటు పెట్టుకోండ్రి, చిల్లర లేదంటే తొయ్యరు. బాత్రూం తాళం మాత్రం ఆ టైంకు తీసే ఉంటది, లోపలికి ఒక్కసారి పోయి చూడుండ్రి, కెమెరా తీస్కపోండ్రి.