మహారాజశ్రీ 45 డిగ్రీల వారికి

మహారాజశ్రీ 45 డిగ్రీల వారి దివ్య సముఖమునకు, కోనసీమ నుంచి పల్నాడులోని రెంటచింతలకి వలస వచ్చిన చెరకు రసం బండివాడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారని రోజూ పేపర్లో చూస్తున్నాను.

నేనెవరో తమరికి తెలీదు గాని, తమరు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసండి. వేసవిలో రేడియో వార్తల చివర రెంటచింతల పేరు రాగానే మా నాన్న, "అమ్మబాబోయ్, ఆ ఊళ్ళో జనం బయటికెలా వస్తార్రా" అనేవాడు. రారు అన్న సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మాది కొత్తపేట పక్కన పల్లెటూరు. మా బేరం శివరాత్రికి మొదలై మృగశిర కార్తెతో సరి. మిగతా ఏడాదంతా మిషను గోనెపట్టా కప్పుకుని పడుకుంటుంది, నేను కొబ్బరికాయల లోడింగుకు పోతాను. ఆ నాలుగు నెలల బేరమైనా సుఖంగా సాగదు. పెరట్లో బొండం దింపుకుని తాగేవాడికి చెరకు రసం అమ్మడమంటే గోదావరికి కావిడితో నీళ్ళు మోసినట్టే. పైగా ఎండ 36, 37 అంటుండగానే మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. బేరం చెడగొట్టిందని ఆ గాలిని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. అది విన్నట్టుంది.

మా బావమరిది ఫోన్లో తమరి అంకె చూపించి, "బావా, 36కే రోజుకి వంద గ్లాసులు పోతుంటే 45కి ఎన్ని పోతాయి?" అన్నాడు. త్రైరాశికం! బళ్ళో నాకు సున్నా వచ్చింది ఆ లెక్కలోనే. అంచేత వెంటనే నమ్మేశాను.

మిషన్ని ట్రాలీ ఆటో ఎక్కించి, చక్రానికున్న గజ్జెలు ఊడిపోకుండా గుడ్డ కట్టి, రావులపాలెం దాటించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "దుబాయ్ వెళ్తున్నట్టు ఏంటా హడావిడి" అంది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీలు దాటుతుంటే ఆ సెగ బట్టీలదనుకున్నాను. బట్టీలు వెనక్కి పోయాయి గాని సెగ పోలేదు. అదీ తమరితో నా తొలి పరిచయం.

ఇక వ్యాపారం సంగతి. పొద్దున్న పదింటికి వేపచెట్టు కింద బండి పెట్టాను. ఫోన్‌కి మెసేజి వచ్చింది: ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎవరూ బయట తిరగొద్దని. అంటే సరిగ్గా నా దుకాణం వేళలు! ఇది పత్తి, మిరప నేల. ఈ రోజుల్లో చేలల్లో పనుండదు, ఉపాధి పనికెళ్ళేవాళ్ళు చీకటితో వెళ్ళి పది కొట్టేసరికి ఇళ్ళకి చేరిపోతారు. ఇక రోడ్డు మీద మిగిలేది నేనూ, నా గజ్జెలూ, నాలుక వేలాడేసుకున్న ఓ కుక్క. అది కూడా నా నీడ కోసమే వచ్చింది, రసం కోసం కాదు.

చెరకు ఉయ్యూరు వైపు నుంచి తెప్పించాను. మా వైపైతే గడ మూడు రోజులైనా పచ్చగా ఉంటుంది. ఇక్కడ తడిపిన గోనెలు కప్పినా రెండో రోజుకే బెండైపోతోంది. నిమ్మకాయా అల్లం ముక్కా మడిచిపెట్టి నాలుగుసార్లు రోలర్లలో తిప్పినా సగం గ్లాసు రాదు. ఐసు దిమ్మ ఊకలో కప్పెట్టినా మధ్యాహ్నానికి ఆనవాలు ఉండదు. దాని ఖరీదు మాత్రం కరగదండి, ఆయ్.

ఎదురుగా చలివేంద్రం. దానికి రిబ్బను కట్టి, కొబ్బరికాయ కొట్టి, ఓ నాయకుడుగారు ప్రారంభించారు. మజ్జిగ ఒక్కరోజు, ఫ్లెక్సీ నెల్లాళ్ళు. అయినా కుండనీళ్ళు మాత్రం రోజూ పోస్తున్నారు, ఆ పోసే ముసలమ్మకి దణ్ణం పెట్టాలి. ఉచితంగా నీళ్ళుంటే నా బేరం ఏం కావాలి? ఆమే ఓ గ్లాసు నాకూ పోసింది. తాగాను. ఆ రోజుకి వీధిలో ఉన్న ఖాతాదారుణ్ణి నేనొక్కణ్ణే.

సాయంత్రం ఆరింటికి జనం బయటికొచ్చారు. ఆశగా చక్రం తిప్పాను, గజ్జెలు ఘల్లుమన్నాయి. అందరూ తిన్నగా పక్కనున్న టీ కొట్టుకి పోయారు. అన్ని డిగ్రీలు భరించి వచ్చినవాడు వేడి టీ తాగుతాడా అని తమరే చెప్పండి! తాగుతున్నాడు. గ్లాసు నింపి మరీ.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంతవరకూ నాకు జరిగిన పెద్ద బేరం ఎక్కడో. ఓ ఏడు శివరాత్రికి ముందే మిషన్ని లేపి తీసుకెళ్ళిన అంతర్వేది తీర్థంలో, భీష్మ ఏకాదశి రథం నాడు. మాఘమాసం, చలి ఇంకా పూర్తిగా పోలేదు, పొద్దున్నే దుప్పటి కప్పుకుని బండి తోలాను. గ్లాసులు కడగడానికి మనిషి చాల్లేదు. ఆ రోజు ఎన్ని డిగ్రీలో నేను చూడనే లేదు. చూడాలని తోచలేదు, జనం ఉన్నారు కదా.

ఇంకో మాట. మా దగ్గర ఎండ 36 గాని, ఉక్క వేరు. చెమట ఆరదు, చొక్కా వీపుకి అతుక్కుంటుంది, రైతుబజారుకి వచ్చినాయన ఆగి "ఓ గ్లాసు పొయ్యవయ్యా" అంటాడు. తమరి దగ్గర చెమట పుట్టకముందే ఆరిపోతుంది. మనిషి వడలిపోతాడు గాని ఆగడు, ఇంట్లోకి పరిగెడతాడు. తమరి పనితనాన్ని తప్పుపట్టడం లేదండి. నా బేరానికి కాస్త ఎక్కువైంది, అంతే.

ఇందాకే బావమరిది ఫోన్ చేశాడు. "బావా, రామగుండంలో 46 అంట" అన్నాడు. మాట్లాడకుండా పెట్టేశాను.

ఆటో అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. ఖాళీ మిషనైనా వెనక్కి అదే కిరాయంట. బేరం తెగాక బయల్దేరతాం. తమరు జవాబు రాయక్కర్లేదు, రేపు పేపర్లో చూసుకుంటాను.

ఇట్లు,
తమరి విధేయుడు కాలేని
చెరకు రసం బండివాడు