ఆ టిక్కు పెట్టకండి: ప్రవాసుల ఓటు మెసేజ్‌కి జవాబు

"ప్రవాస తెలుగువారికి శుభవార్త" అని మొదలై "కనీసం పది మందికి పంపండి" అని ముగిసే మెసేజ్ మళ్లీ వచ్చింది. తప్పని చెప్పిన గ్రూపులోకే వారం తిరక్కుండా ఇంకొకరు పడేశారు. పంపేవాళ్లు ఏళ్ల తరబడి వీసా కాగితాలు నింపినవాళ్లే, అందుకే ఒళ్లు మండుతోంది. అందులో చెప్పేవి ఐదు: ఓసీఐ (ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంటే ఇండియాలో ఓటు ఉంది. ఎన్నారైలు ఆన్‌లైన్‌లో ఓటెయ్యొచ్చు. వలస వెళ్లినవాళ్లకి అమెరికాలో పదవులు రావు. ఇండియాలోని పార్టీలకి ఎవరైనా చందా పంపొచ్చు. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో ఓటరు నమోదు గడికి టిక్కు పెట్టండి, గ్రీన్ కార్డు చాలు.

పదవుల మాట రెండు ముక్కల్లో తేలిపోతుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. అదే ఊళ్లో పుట్టిన గజాలా హష్మీ 2025లో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. పుట్టుకతో పౌరులై ఉండాలన్న షరతు అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే.

ఓసీఐ పేరులో "సిటిజన్" అని ఉండటంతో వచ్చిన తంటా ఇది. పని చేసే తీరులో అది జీవితకాల వీసా. అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడే భారత పౌరసత్వం పోయింది. ఓసీఐలు ఓటరుగా నమోదు కాకూడదని, ఎమ్మెల్యే, ఎంపీ కాకూడదని పౌరసత్వ చట్టం 7బి సెక్షన్ విడమరిచి చెప్పింది. ఊళ్లో జాబితాలో పాత పేరు ఉండిపోతే బూత్‌లో ఎవరూ ఆపకపోవచ్చు. అంతమాత్రాన హక్కు వచ్చినట్టు కాదు, ఫారం 7 ఇచ్చి పేరు తీయించుకోవాలి. వేములవాడ ఎమ్మెల్యేగా నాలుగుసార్లు గెలిచిన చెన్నమనేని రమేష్ కేసు తెలుగువాళ్లు మర్చిపోకూడనిది. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది.

ఆన్‌లైన్ ఓటు లేదు. ప్రాక్సీ ఓటు (మన తరఫున ఇంకొకరు వేసే ఓటు) బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ ఆమోదం లేకుండానే 2019లో మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇద్దామని ఎన్నికల సంఘం 2020లో చేసిన ప్రతిపాదన 2024 లోక్‌సభ ఎన్నికలకీ అమల్లోకి రాలేదు. ఆన్‌లైన్‌లో అయ్యేది నమోదు ఒక్కటే, అదీ వేరే దేశం పౌరసత్వం తీసుకోనివాళ్లకి. ఫారం 6ఏ నింపి, ఫొటోతో పాటు పాస్‌పోర్టులో ఫొటో, ఇండియా చిరునామా ఉన్న పేజీలు, చెల్లే వీసా ఉన్న పేజీ జత చేయాలి. పాస్‌పోర్టులో ఉన్న ఇండియా చిరునామాని బట్టే నియోజకవర్గం. రెన్యూవల్‌లో విదేశీ చిరునామా మాత్రమే వేయించుకున్నవాళ్లకి చిక్కు ఇక్కడే వస్తుంది. తర్వాత బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) ఆ ఇంటికి వెళ్లి విచారిస్తారు. ఇంట్లో చెప్పేవాళ్లు లేకపోతే కాగితాలు అక్కడి మన రాయబార కార్యాలయానికి పరిశీలనకి వెళ్తాయి. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకి పేరు ఎక్కదు. ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టు పట్టుకుని ఆ బూత్‌కే రావాలి.

మెసేజ్ చివర్లో "మా ఓటుని ఎవరూ పట్టించుకోవడం లేదు" అన్న వాక్యం మాత్రం నిజం. 2024 లోక్‌సభ ఎన్నికలకి దేశం మొత్తం మీద సుమారు 1.19 లక్షల మంది ప్రవాస ఓటర్లు నమోదైతే, వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేలు కూడా లేరు, అందులోనూ ఎక్కువమంది కేరళవాళ్లు. దుబాయ్‌లో నెల జీతం మీద బతికే జగిత్యాల కూలీని ఓటు కోసం విమానం టికెట్ కొనుక్కోమనడం అన్యాయం. దాని మీద గట్టిగా అడగాల్సిందే.

చందా సంగతి: భారత పౌరుడైన ఎన్నారై తన సొంత సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. ఓసీఐ పంపితే విదేశీ విరాళమే, పార్టీ తీసుకోకూడదు. అమెరికాలో ఇంకో గీత ఉంది. అక్కడి అభ్యర్థులకి గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. స్నేహితుడి కార్డుతో కట్టించి తర్వాత అతనికి డబ్బులివ్వడం మరో నేరం. జీతం తీసుకోకుండా ఇంటింటికీ తిరిగి ప్రచారం చేయడానికి మాత్రం అడ్డు లేదు.

ఇక ఆ టిక్కు. మెసేజ్ మొత్తంలో మనుషుల్ని నాశనం చేసే మాట ఇదే.

1993 చట్టం వల్ల లైసెన్సు దరఖాస్తుతో పాటే ఓటరు నమోదు కూడా అడుగుతారు. వెనక లైను ఉంటుంది, గుమస్తా తొందరపెడుతుంటాడు. "ఓటరుగా నమోదు అవుతారా?" అనే ప్రశ్న పక్కనే "మీరు అమెరికా పౌరులా?" అనేది ఉంటుంది. అవునని పెట్టి కింద సంతకం చేస్తే, పౌరుణ్నని అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినట్టే. ఓటు వెయ్యకపోయినా సరే, దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకైతే దారి శాశ్వతంగా మూసుకుపోతుంది, క్షమాపణ దరఖాస్తు అనేదే లేదు. చట్టంలో ఉన్న ఒక్క సన్నటి మినహాయింపుకి తల్లిదండ్రులిద్దరూ అమెరికా పౌరులై ఉండాలి. మాస్టర్స్‌కి వెళ్లిన మన పిల్లలకి అది ఎక్కడ వర్తిస్తుంది? ఆపైన ఫెడరల్ ఎన్నికల్లో ఓటేస్తే ఏడాది దాకా జైలు. ఇవన్నీ ఎవరికీ తెలియవని ధీమా వద్దు. పౌరసత్వం కోసం నింపే ఎన్-400 ఫారంలో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. మళ్లీ అబద్ధం రాస్తే అది ఇంకో కేసు.

పౌరసత్వం లేకుండా ఓటు ఎక్కడా ఉండదని నేననను. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, బ్రిటన్‌లో సరైన వీసా మీద ఉండే భారతీయ విద్యార్థి కూడా అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. న్యూజిలాండ్‌లో శాశ్వత నివాసులకీ ఓటుంది. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ కూడా పట్టణ ఎన్నికల్లో పౌరులు కానివారికి ఓటిస్తుంది. కానీ ఆ ఊరి నియమం పట్టుకుని టెక్సాస్‌లో టిక్కు పెడితే మునిగిపోతారు.

ఇప్పటికే పెట్టేసినవాళ్లు ఏ ఎన్నికలోనూ ఓటెయ్యకండి. ఓటరు కార్డు పోస్టులో వచ్చినా వాడకండి, పారెయ్యకండి. ఎన్-400 వేయకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. లాయర్ చెప్పిన మాటలతో కౌంటీ ఎన్నికల కార్యాలయానికి నమోదు రద్దు చేయమని రాయండి. పంపిన ఉత్తరం నకలు, వచ్చిన జవాబు రెండూ దాచుకోండి. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ రెండు కాగితాలూ చూపించండి.